జాగు చేస్తే… ‘కాగుద్ది’యా, ‘ఆగుద్ది’యా?

విజయనగరం తమ్ముడు: మా తాతయ్య మూడు లాంతర్ల దగ్గర షెడ్డులో అంబాసిడర్లు బాగుచేసేవారు. డెల్కో (ఇంజనులో స్పార్కు ఎప్పుడు పడాలో చూసే డిస్ట్రిబ్యూటరు) మూత తీసినప్పుడల్లా ఓ మాట అనేవారు: “తొందరపడితే కొట్టుద్ది, జాగు చేస్తే కాగుద్ది.” చివరిది ‘ఆగుద్ది’ అంటారు నాన్న. ఇప్పుడు అదే బండి డెల్కోలో స్ప్రింగులు మారుస్తున్నాను, ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు.

బొబ్బిలి మాస్టారు: ఆగుద్దే. జాగుకి ఆగుడే జోడు. చెవికే తెలుస్తోంది.

పలాస చెల్లి: ప్రాస రెండో అక్షరం మీద కదా మాస్టారూ. జాగు, కాగు, ఆగు… మూడింటా ‘గ’కారమే, ముందున్నదీ మూడింటా గురువే. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

సాలూరు బావ: చెవిని ఒగ్గీసి ఇంజన్ని అడగండి. స్పార్కు ఆలస్యమైతే మంట పిస్టన్ని తోయడం మాని సైలెన్సర్లోకి పోద్ది. రేడియేటరు మరిగిపోద్ది. కాగుద్దే! డెల్కోని మరీ వెనక్కి తిప్పీస్తే గానీ ఆగదు.

పలాస చెల్లి: మరి ‘కొట్టుద్ది’ అంటే ఏ కొట్టుడు బావా? ఇంజను చప్పుడా, హ్యాండిలు తిరగబడి చేతిని కొట్టడమా?

సాలూరు బావ: రెండూ. స్టార్టింగ్ హ్యాండిలు దెబ్బకి మణికట్టు విరిగినోళ్లున్నారు. ఇంజను చప్పుడంటావా, సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుంటాది. తమ్ముడూ, 3000 ఆర్‌పీఎంలో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మిల్లీసెకనుకి 18 డిగ్రీలు తిరుగుద్ది, 750లో నాలుగున్నరే. మంట పాకడానికి పట్టే టైము ఆ లెక్కన తగ్గిపోదు. అందుకే స్పీడు పెరిగేకొద్దీ డెల్కోలో బరువులు విచ్చుకుని స్పార్కుని ముందుకి జరుపుతాయి, స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. డెల్కో తిరిగేది క్రాంకులో సగమే, అక్కడ 10 డిగ్రీలంటే క్రాంకు మీద 20. రెండూ పల్చటి స్ప్రింగులే వేసీసినావనుకో, తొందరే మరి.

బొబ్బిలి మాస్టారు: అసలు పాఠం నేను చెప్తాను. లఘువుకి ఒకటి, గురువుకి రెండు లెక్కన ‘తొందరపడితే’ 8 మాత్రలు, ‘జాగు చేస్తే’ 7. తూకం కుదరలేదు. “తొందరైతే కొట్టుతుందిర, జాగు చేస్తే ఆగుతుందిర” అని చదవండి: మూడు నాలుగు, మూడు నాలుగు. సాక్షాత్తు గురజాడ ఛందస్సు, ముత్యాలసరం! విజయనగరం మెకానిక్కు నోట ఇంకే నడక వస్తుంది?

పలాస చెల్లి: ‘కాగుతుందిర’ కూడా 7 మాత్రలే. పైగా గురజాడ పోయింది 1915లో, అంబాసిడర్ అప్పటికి పుట్టనే లేదు.

బొబ్బిలి మాస్టారు: నడక అన్నానమ్మా, రాశారన్లేదు. అయినా ముత్యాలసరానికి నాలుగో పాదం పొట్టిగా ఉండొచ్చు. ఈ మాటకి మిగతా రెండు పాదాలు ఎక్కడో ఉండే ఉంటాయి.

సాలూరు బావ: ఉంటే కార్బురేటర్ మీద ఉంటాయి మాస్టారూ.

విజయనగరం తమ్ముడు: ఇప్పుడే అమ్మని అడిగాను. రెండూ కాదట, “జాగు చేస్తే తాగుద్ది” అనేవారట. పెట్రోలు.

పలాస చెల్లి: అయ్యో, దీనికీ ‘గ’కారమే!

సాలూరు బావ: అదీ నిజమే. ఇంతకీ ఏ స్ప్రింగు వేసేవు?