లాబ్రడార్ కుక్కపిల్లకి కింది దవడ వెనక్కి ఉంది, పెద్దయ్యాక సర్దుకుంటుందా?

ప్రశ్న (అనంతపురం నుంచి):
అందరికీ నమస్తే. మా చింటు లాబ్రడార్, మగపిల్ల, నిన్నటికి పది వారాలు నిండాయి. బెంగళూరు నుంచి తెచ్చుకుని ఇంకా మూడు వారాలు కూడా కాలేదు. మొన్న ఆదివారం మా పాప వాడి నోట్లోంచి చెప్పు ముక్క లాగుతుంటే అప్పుడు గమనించాను, పై ముందుపళ్లకీ కింది ముందుపళ్లకీ మధ్య నా చిటికెన వేలు గోరు పట్టేంత సందు ఉంది, కింది దవడ వెనక్కి పోయినట్టుంది. ఫోన్ టార్చి వేసి చూస్తే అంగిలి మీద రెండు పక్కలా చిన్న గుంటలు, సజ్జగింజ గుచ్చి తీసినట్టు, ఎర్రగా ఉన్నాయి. నోరు మూస్తే కింది కోరపళ్లు సరిగ్గా అక్కడికే పోతున్నాయి. అమ్మినాయనకి ఫోన్ చేస్తే పాలపళ్లు ఊడితే అదే సర్దుకుంటుంది అన్నాడు. పక్కింటాయనేమో కాల్షియం సిరప్ పొయ్యమంటున్నాడు. అన్నం బాగానే తింటాడు కానీ గట్టి గింజలు నోట్లో వేసుకుని వదిలేస్తున్నాడు. ఆగాలా, వెంటనే చూపించాలా? రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

జవాబు 1 (కడప):
ఆగొద్దన్నా. మా ఆడపిల్ల, జర్మన్ షెపర్డ్, దానికీ ఇదే. మూడో నెలలో చూపిస్తే "చూద్దాంలే, పెరిగే వయసు కదా" అన్నారు, మేమూ ఆ మాట పట్టుకుని కూర్చున్నాం. పెద్ద కోరపళ్లు వచ్చాక అవి పాలపళ్లకంటే లావు, పొడుగు కాబట్టి అంగిలిలోకి ఇంకా లోతుగా దిగాయి. ఎనిమిదో నెలలో నీళ్లు తాగితే ముక్కులోంచి కారడం, ఊరికే తుమ్మడం మొదలైంది. చూస్తే అంగిలికీ ముక్కుకీ మధ్య రంధ్రం పడింది. కోరపళ్లు పీకించి, రంధ్రం కుట్టించాం. అన్ని నెలలూ అది నొప్పితోనే తినిందని తెలిసి మా అమ్మ ఏడ్చింది. కుక్కలు నొప్పి చెప్పవు, తింటూనే ఉంటాయి. తింటోంది కదా అని ఎవరూ ధైర్యంగా ఉండకండి.

జవాబు 2 (ప్రొద్దుటూరు, పశువుల ఆసుపత్రిలో పని చేస్తాను):
పై దవడ, కింది దవడ ఒకే వేగంతో పెరగవు. పిల్ల వయసులో ఒకసారి ఇది ముందుంటుంది, ఒకసారి అది. అందుకే కొద్దిపాటి తేడా తనంతట సర్దుకోవడం నిజంగానే ఉంది, అమ్మినాయన మాట ఉత్త అబద్ధం కాదు. కానీ మీ పిల్లకి కింది కోరపళ్లు అంగిలి గుంటల్లో ఇరుక్కున్నాయి. కొయ్యకి కట్టేసిన దూడ లాగా కింది దవడ ముందుకి జరగాలన్నా జరగలేదు. అందుకే ఇట్లాంటి పిల్లలకి కింది పాలకోరలు తీసేస్తారు, మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు వారాల లోపల. మీకు పది నిండాయి, అంటే టైం ఎక్కువ లేదు.

ఒక మాట ముందే చెప్తాను, పళ్లు తీస్తే దవడ పొడుగవుతుందని గ్యారంటీ లేదు. పుట్టుకతోనే పొట్టి దవడ అయితే పొట్టిగానే ఉంటుంది. అడ్డు తీస్తే, పెరిగే గుణం ఉన్న దవడ పెరుగుతుంది, అంతే. నొప్పి మాత్రం తప్పకుండా పోతుంది, అందుకోసమైనా చేయించాలి. పాలకోర వేరు పైకి కనిపించే పంటికంటే పొడుగు, పక్కనే రాబోయే పెద్ద పంటి మొగ్గ ఉంటుంది, అందుకని మత్తు ఇచ్చి, ఎక్స్‌రే చూసుకుని నిదానంగా తీయాలి. ఇంట్లో పటకారు పట్టుకోవద్దు, దండం పెడతాను. పెద్ద కోరలు ఐదారు నెలలకి వస్తాయి, అప్పుడు మళ్లీ చూపించాలి.

కాల్షియం సిరప్ వద్దే వద్దు. లాబ్రడార్ లాంటి పెద్ద జాతి పిల్లలకి ఎక్కువైతే ఎముకలే చెడతాయి. పెద్ద జాతి పిల్లల మేత పెడితే అందులోనే సరిపడా ఉంటుంది. అట్లాగే గుడ్డతో గుంజులాట కొన్నాళ్లు ఆపించండి.

జవాబు 3 (కర్నూలు):
మా షిట్జుకి కింది దవడే ముందుకి ఉంది, ఆ జాతికి అది మామూలే. లాబ్రడార్‌కి మాత్రం పై ముందుపళ్లు కింది వాటి మీద కొంచెం, కత్తెరలాగా కూర్చోవాలి. ఇంకోటి, పాలపళ్లు 28, పెద్దవి 42. పెద్ద పన్ను వచ్చినా పాతది ఊడకుండా పక్కనే నిలబడితే అది కూడా తీయించాలి, లేకపోతే కొత్తది వంకరపోతుంది. వారానికోసారి పెదవి ఎత్తి, నోరు మూసి పక్కనుంచి ఫొటో తీసి పెట్టుకోండి. మాకు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేడా తెలిసింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకి ఫోన్ చేశాం, గురువారం తెమ్మన్నారు. మత్తు ఇస్తారంటే రాత్రి నుంచే పస్తు పెట్టాలా?

జవాబు 2:
రాత్రంతా వద్దు అన్నా. ఇంత చిన్న పిల్లలకి పస్తుంటే రక్తంలో షుగర్ పడిపోతుంది, కొన్ని గంటలు చాలు. ఎన్నింటికి ఆపాలో డాక్టర్‌నే అడిగి రాసుకోండి. టీకాల పుస్తకం మర్చిపోకండి, వచ్చేటప్పుడు మెత్తగా పిసికిన పెరుగన్నం డబ్బాలో పెట్టుకోండి, మెలకువ బాగా వచ్చి డాక్టర్ సరేనన్నాక పెట్టొచ్చు.