లీడ్ ఎవరో ముందే ఖాయమైతే ఓపెన్ ఆడిషన్ ఎందుకు?

మూడో గంట:
ఒక కమ్యూనిటీ థియేటర్ బృందం మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) వేస్తోంది. అన్ని పాత్రలకీ ఓపెన్ ఆడిషన్ అని ప్రకటన ఇచ్చారు. రోజుల తరబడి పాట సాధన చేసి వెళ్ళాను, పాడాను, బయటికొచ్చాక తెలిసిందేంటంటే హీరోయిన్ పాత్ర డైరెక్టర్ గారు ఎప్పుడో ఒకావిడకి మాటిచ్చేశారట. ఆవిడ బాగా పాడతారు, అందులో నాకు పేచీ లేదు. కానీ అంతా ముందే అనుకున్నాక మా చొక్కాలకి నంబరు కాగితాలు గుచ్చి, వరుసలో కూర్చోబెట్టి, ఈ తతంగమంతా దేనికండీ? ఇది మోసం కాదా, లేక నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

తెరచాటు:
మోసమే, ఇందులో ఆలోచించడానికేముంది. ఎక్కడ చూసినా ఇదే వరస, కమిటీలో ఉన్నవాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ పోగా మిగిలిందే మనకి.

పియానో మెట్లు:
నేను ఆడిషన్లకి పియానో వాయిస్తాను, ఒక్కోసారి మ్యూజిక్ డైరెక్టర్‌గా టేబుల్ అవతల కూడా కూర్చుంటాను, కాబట్టి అటువైపు సంగతి కాస్త చెప్తాను. ఈ మ్యూజికల్స్‌లో చాలావాటికి లైసెన్సు కంపెనీ దగ్గర హక్కులు తీసుకోవాలి, డబ్బు కట్టాలి. వాళ్ళ అనుమతి లేకుండా మాటలు గానీ పాటలు గానీ మార్చడానికి లేదు. శ్రుతి అందడం లేదు, కాస్త దించుదాం అనుకున్నా వాళ్ళని అడగాల్సిందే, పైగా దించితే ఆర్కెస్ట్రాలో ప్రతి వాయిద్యానికీ నోట్స్ మారిపోతాయి. మరి పై స్థాయిలో ప్రతి షోకీ గొంతు నిలబెట్టగల మనిషి ఉన్నారో లేదో చూసుకోకుండా ఏ బృందమైనా డబ్బు కడుతుందా? నాటకం ఎంచుకునేటప్పుడే ఫలానా ఆవిడ పాడగలరని మనసులో అనుకుంటారు. దాన్ని నేను తప్పనను.

తప్పల్లా ప్రకటనలో ‘అన్ని పాత్రలకీ’ అని రాయడంలోనే ఉంది. ఆ పాత్ర నిర్ణయమైపోయింది, మిగతావి ఖాళీగా ఉన్నాయి అని ఒక్క లైను రాస్తే ఏం పోతుంది?

ఇంకో మాట. మొదటి రౌండులో మామూలుగా పాటలో 16 బార్లు (బార్ అంటే తాళం ఒక చుట్టు) పాడమంటారు, మహా అయితే 32. నాలుగు బీట్ల తాళంలో 16 బార్లంటే 64 బీట్లు, నిమిషానికి 120 వేగమైతే సరిగ్గా 32 సెకన్లు. అంతలో ఏం తెలుస్తుందని అందరూ అంటారు కానీ చాలానే తెలుస్తుంది. నేను ఒక నోటు తప్పు వాయిస్తే ఆగి నా వైపు చూస్తారా, పట్టించుకోకుండా లాక్కుపోతారా, పై నోటుకి వెళ్ళే ముందు శ్వాస ఎక్కడ తీసుకున్నారు, అన్నీ కనబడతాయి. కనబడనిదల్లా ఆ మనిషి రిహార్సల్‌కి టైముకి వస్తారా లేదా అన్నదే. డైరెక్టర్లు తెలిసిన మొహాల వైపు మొగ్గడానికి సగం కారణం అదే.

(అన్నట్టు, పేజీలు ఊడిపోయే కాగితాల కట్ట పియానో మీద పెట్టి వెళ్ళకండి, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో పెన్సిల్‌తో గీసి ఇవ్వండి. మీ 32 సెకన్లలో నేను వెతుక్కుంటూ కూర్చుంటే నష్టం మీకే.)

కోరస్ గొంతు:
ఒక్క లైను రాస్తే ఏం పోతుందన్నారు. జనం పోతారండీ! లీడ్ లేదంటే బాగా పాడేవాళ్ళు చాలామంది అసలు రారు, కోరస్‌లో పాడటానికి ఎవరు మిగులుతారు? మగ గొంతులు దొరకడం ఎప్పుడూ కష్టమే, వచ్చిన ఆ కొద్దిమందిని కూడా ప్రకటనతోనే తరిమేస్తే నాలుగు గొంతుల హార్మొనీ ఎవరు పాడాలి? ఎవరికీ జీతం లేదు, సరదాకి చేసే పని, దానికి ఉద్యోగం ఇంటర్వ్యూ లెవెల్లో రూల్స్ పెడితే ఎట్లా?

మూడో గంట:
అంటే మేం రావడం కోసమే అబద్ధం చెప్పారన్న మాట. నేను అడిగిందీ అదే కదండీ. జీతం లేదు కాబట్టే ఇంకా నిజం చెప్పాలి, మేం ఇచ్చేది మా సాయంత్రాలే కదా.

చివరి వరుస:
అమెరికాలో సింఫనీ ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి వాయించేవాళ్ళు కనబడకుండా తెర అడ్డం పెట్టి ఆడిషన్లు చేయడం పెంచాయి, చెప్పుల చప్పుడుకి ఆడో మగో తెలిసిపోతుందని కింద కార్పెట్ పరిచినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక్కడ కూడా మొదటి రౌండు అలా పెడితే గొడవే ఉండదుగా.

పియానో మెట్లు:
వయొలిన్‌కి సరిపోతుంది. నాటకంలో మనిషి కళ్ళు, నడక, పక్కవాళ్ళతో నిలబడితే జోడీ కుదిరిందా లేదా ఇవన్నీ చూడాలి. పైగా నోరు తెరిచి ఒక్క లైను పాడగానే ఆ గొంతు ఎవరిదో నాకు తెలిసిపోతుంది, తెర ఉన్నా లేకపోయినా. కాల్‌బ్యాక్‌లో, అంటే మొదటి రౌండు తర్వాత కొందరిని మళ్ళీ పిలిచినప్పుడు, ఇద్దరిద్దరిని మార్చి మార్చి చదివిస్తారు చూడండి, అక్కడ ఒంటరిగా అద్భుతంగా పాడినవాళ్ళు కూడా పోతుంటారు. అది అన్యాయమేం కాదు.

సైడ్ వింగ్:
నేను స్టేజీ మేనేజర్‌ని. రాలేని తేదీలు ఫారంలో రాయమంటాం. చాలామంది ఖాళీగా వదిలేస్తారు, పాత్ర ఖాయమయ్యాక ఒక్కొక్కటీ బయటికొస్తుంది, పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఊరెళ్ళడాలు. డాన్సు రిహార్సల్‌లో ఒక్కరు లేకపోతే మిగతావాళ్ళందరి వరుసా మళ్ళీ నేర్పాలి, షో దగ్గరపడ్డాక అయితే ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. కాబట్టి దాపరికం ఒక్కవైపే ఉందనకండి, ఆడిషన్‌కి వచ్చేవాళ్ళూ ఏం తక్కువ తినలేదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. అదే ఫారంలో ‘ఏ పాత్ర ఇచ్చినా చేస్తారా?’ అని కూడా అడుగుతాం, అవునో కాదో టిక్కు పెట్టాలి. లీడ్ తప్ప ఇంకేదీ చేయను అని నిజాయితీగా రాసినవాళ్ళని ‘పొగరు’ అనుకుంటాం. వాళ్ళ మనసులో మాట రాతపూర్వకంగా కావాలి మనకి, మన మనసులో మాట మాత్రం ప్రకటనలో రాయం. ఇది సబబుగా లేదు, నేను ఉన్న బృందంలో కూడా.

కోరస్ గొంతు:
సరే, ఆ టిక్కు సంగతి బాగానే పట్టుకున్నారు. అయినా ఒకటి చెప్పండి, ముందే ఎవర్నీ అనుకోని డైరెక్టర్ ఉంటాడా? మనసులో అనుకోవడానికీ మాటివ్వడానికీ మధ్య గీత ఎక్కడ గీస్తారు?

పియానో మెట్లు:
ఆ మనిషితో చెప్పారా లేదా అన్నదే గీత. మనసులో ఉంటే, ఆడిషన్‌లో ఇంకెవరైనా అదరగొడితే మనసు మారొచ్చు, అలా మారడం నేను చూశాను కూడా. నోటితో చెప్పేశాక మారదు, మారితే అది ఇంకో గొడవ. చెప్పేశారా, ప్రకటనలో రాయండి.

తెరచాటు:
రాయరు. చూస్తూ ఉండండి.

సైడ్ వింగ్:
మా తర్వాతి ప్రకటన డ్రాఫ్టు నా దగ్గరికే వస్తుంది, ఆ లైను నేనే చేర్చి పంపిస్తాను. డైరెక్టర్ గారు కొట్టేస్తే కొట్టేశారని ఇక్కడే రాస్తాను. మూడో గంట గారూ, మీకు కాల్‌బ్యాక్ వస్తే మాత్రం వెళ్ళే ముందు ఏయే పాత్రలు ఖాళీగా ఉన్నాయని ఫోన్ చేసి అడగండి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

మూడో గంట:
కాల్‌బ్యాక్ వచ్చిందండీ, హీరోయిన్ స్నేహితురాలి పాత్రకి. అడిగే వెళ్తాను.