సీఓడీ మాకు 2400, బయటి ల్యాబ్‌లో 1850. తేడా ఎక్కడ?

కొత్త_కెమిస్ట్ (పరవాడ):
అందరికీ నమస్కారం. మందుల ఫ్యాక్టరీ ఈటీపీ (వ్యర్థజల శుద్ధి కేంద్రం) ల్యాబ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. శుద్ధికి ముందు నీళ్ల సీఓడీ (నీళ్లలోని మలినాలు ఆక్సీకరణం కావడానికి కావలసిన ఆక్సిజన్, లీటరుకి మి.గ్రా.ల్లో) నాకు 2400 వస్తోంది. అదే బాటిల్లో సగం బయటికి పంపితే 1850 అన్నారు. ఐదు రెట్లు పలచన చేసి, అందులో 20 మి.లీ.కి డైక్రోమేట్ (మలినాలను ఆక్సీకరించే రసాయనం) 10 మి.లీ. వేసి రెండు గంటలు రిఫ్లక్స్ (ఆవిరి చల్లారి తిరిగి ఫ్లాస్కులోనే పడేలా మరిగించడం) పెడుతున్నా. ఫాస్ (మిగిలిన డైక్రోమేట్‌ని టైట్రేషన్‌లో కొలిచే ఇనుప లవణ ద్రావణం) రోజూ స్టాండర్డైజ్ చేస్తున్నా. కేహెచ్‌పీ (సీఓడీ ఎంతో ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణం) 500కి 498 వచ్చింది. అయినా మేనేజర్ గారు నీకు టైట్రేషనే రాదంటున్నారు.

రిఫ్లక్స్_రాజు:
తమ్ముడూ, నీళ్లలో క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) ఎంత?

కొత్త_కెమిస్ట్:
ఇప్పుడే చూశానన్నా. లీటరుకి 14,000 మి.గ్రా.

రిఫ్లక్స్_రాజు:
ఇంకేం, దొంగ దొరికాడు. ఐదు రెట్లు పలచన చేసినా 2800 మిగిలింది. 20 మి.లీ.కి వేసే 0.4 గ్రాముల మెర్క్యురిక్ సల్ఫేట్ 2000 దాకానే పట్టి ఉంచుతుంది. మిగతాది డైక్రోమేట్‌ని తినేస్తుంది. ఒక మి.గ్రా. క్లోరైడ్ మొత్తం ఆక్సీకరణమైతే 0.226 మి.గ్రా. సీఓడీలా కనబడుతుంది. 800 మిగిలితే 180, దాన్ని ఐదుతో గుణిస్తే 900. అంతా ఆక్సీకరణం కాదు కాబట్టి నీకు 550 దగ్గర ఆగింది. పది రెట్లు పలచన చేసి చూడు.

విజయ_ల్యాబ్ (పటాన్‌చెరు):
మెర్క్యురిక్ సల్ఫేట్ ఎప్పుడు వేస్తున్నావు బాబూ? శాంపిల్లో ముందు అదే వేసి, బాగా తిప్పి, కరిగాకే సిల్వర్ ఆసిడ్ (సిల్వర్ సల్ఫేట్ కలిపిన సల్ఫ్యూరిక్ ఆసిడ్) పోయాలి. మా దగ్గర ఒకమ్మాయి వరస మార్చేసింది. ఫ్లాస్కులో విరిగిన పాలలా తెల్లటి ముద్దలు తేలాయి. అది సిల్వర్ క్లోరైడ్. వెండి అలా ముద్దకట్టాక ఉత్ప్రేరకం పని చెయ్యదు, ఆసిటిక్ ఆమ్లంలాంటివి సగం కాలకుండానే మిగిలిపోతాయి. అంటే అంకె ఎక్కువైనా రావచ్చు, తక్కువైనా రావచ్చు.

నీ కేహెచ్‌పీ మీద నాకు నమ్మకం లేదు. 425 మి.గ్రా. డిస్టిల్డ్ నీళ్లలో కలిపావు, అందులో ఉప్పేది? లీటరుకి 4.6 గ్రాముల సోడియం క్లోరైడ్ కూడా కలిపి మళ్లీ పెట్టు. ఉప్పు లేని పరీక్షలో పాసై ఉప్పునీళ్ల మీద తీర్పు చెప్తే ఎలా?

వయల్_బాబు:
మేం వయల్స్ (మూత బిగించే చిన్న గాజు గొట్టాలు) వాడతాం, 150 డిగ్రీలు, రెండు గంటలు, ఆపై 600 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు రీడింగ్. రోజుకి ఇరవై శాంపిళ్లుంటే ఇదే హాయి. కానీ అడుగున తెల్లటి మడ్డి ఉంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. చల్లారాక కదపకుండా పెట్టాలి. గాజు మీద వేలిముద్ర పడ్డా అంతే.

ఫెంటన్_బాధితుడు:
క్లోరైడ్ ఒక్కటే అనుకోకండి. మాది శుద్ధయ్యాక 250 లోపు ఉండాలి, 310 వచ్చింది, రెండు రోజులు నిద్ర లేదు. చివరికి పెరాక్సైడ్ చూసే స్ట్రిప్ ముంచితే ముదురు నీలం! ఫెంటన్‌లో (ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసే శుద్ధి) మిగిలిన పెరాక్సైడ్. 150 మి.గ్రా. పెరాక్సైడ్ దాదాపు 70 సీఓడీగా కనబడుతుంది. కాస్టిక్ చుక్కలు వేసి, కాస్త వెచ్చబెట్టి, స్ట్రిప్ రంగు మారడం ఆగాక మళ్లీ చేస్తే 240.

పాత_తరం:
మా రోజుల్లో పర్మాంగనేట్‌తో చూసేవాళ్లం. జపాన్‌లో సరస్సులకి, తీరప్రాంత సముద్రానికి ఇప్పటికీ అదే. ఫ్యాక్టరీ నీళ్లకి మాత్రం అది చాలదు, డైక్రోమేట్‌లో సగం కూడా చూపించకపోవచ్చు. పిరిడిన్ అనే ద్రావణి ఉంటే డైక్రోమేట్ కూడా చేతులెత్తేస్తుంది, మందుల కంపెనీ వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

విజయ_ల్యాబ్:
అన్నట్టు, వాడిన ఆసిడ్ సింకులో పోస్తున్నవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే ఆపండి. అందులో పాదరసం, వెండి, క్రోమియం మూడూ ఉన్నాయి. విడిగా డబ్బాలో పట్టి, ప్రమాదకర వ్యర్థంగానే పంపాలి.

కొత్త_కెమిస్ట్:
చేశాను మేడం. ఉప్పు కలిపిన కేహెచ్‌పీ 612! పది రెట్ల పలచనలో బ్లాంక్‌కి (శాంపిల్ లేని ఉత్త డిస్టిల్డ్ నీళ్లకి) 25.0, శాంపిల్‌కి 20.4 మి.లీ. ఫాస్ పట్టింది, 0.1 నార్మల్. అంటే 1840. నీలి ఆకుపచ్చ తిరిగి ఇటుకరంగు వచ్చిన ఆ చుక్క దగ్గర చెయ్యి వణికింది, ఒట్టు. మరి రిజిస్టర్‌లో పాత అంకెలు ఏం చెయ్యాలి?

రిఫ్లక్స్_రాజు:
కొట్టెయ్యకు. వైట్‌నర్ అసలే వద్దు. పక్కన క్లోరైడ్ ఎంతో రాసి, ఈరోజు తేదీ వేసి సంతకం పెట్టు. రేపటినుంచి క్లోరైడ్ చూశాకే పలచన ఎంతో తేల్చుకో.