అప్‌డేట్: అమ్మ హెపటైటిస్ సి రిపోర్టుల సంగతి

మోకాలి ఆపరేషన్‌కు ముందు అమ్మకు హెచ్‌సీవీ (లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్) యాంటీబాడీ పాజిటివ్, వేరే ల్యాబులో ఆర్‌ఎన్‌ఏ 'నాట్ డిటెక్టెడ్' వచ్చాయి, ఏది నమ్మాలని అడిగాను కదా. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మకు చూపించాం. రెండూ కరెక్టే అయ్యుండొచ్చన్నారు.

యాంటీబాడీ టెస్టు వైరస్‌ను చూడదు. ఎప్పుడో సోకినప్పుడు ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టుకుంటుంది. వైరస్ పోయినా అవి ఏళ్లతరబడి ఉండిపోతాయి. వైరస్‌నే వెతికేది ఆర్‌ఎన్‌ఏ టెస్టు. కొంతమందికి మందుల్లేకుండానే, మామూలుగా ఆరు నెలల్లోపే తగ్గిపోతుందట. యాంటీబాడీ టెస్టు తప్పుగా పాజిటివ్ చూపడమూ ఉంది. అమ్మకు మాత్రం 1988లో తమ్ముడి కాన్పప్పుడు రక్తం ఎక్కించారు. ఈ వైరస్‌ను కనిపెట్టిందే 1989లో, ఇక అప్పుడు ఆ రక్తాన్ని ఎవరు టెస్టు చేస్తారు?

ఆర్‌ఎన్‌ఏ మళ్లీ చేయించాం, అదీ నెగెటివే. లివర్ టెస్టులూ నార్మల్. మా టెన్షన్ తీరింది.

ఈలోపు ఇంట్లో అమ్మకు కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. నాకు చాలా బాధేసింది. ఇది ప్రధానంగా రక్తం ద్వారా సోకేది, కలిసి తింటే అంటుకోదు. దయచేసి ఎవరినీ అలా దూరం పెట్టకండి.

ఇకపై ఎక్కడ యాంటీబాడీ టెస్టు చేసినా పాజిటివే రావచ్చట. అందుకే ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు జిరాక్సులు అమ్మ ఫైల్లో పెట్టాం. ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు.