పెద్ద స్టీలు పెట్టెలో సీజియం-137: ఒక్కో వైపు ఒక్కో రీడింగ్, ఏది నమ్మాలి?

ప్రశ్న:
సీజియం-137 (గామా కిరణాలు వెదజల్లే రేడియోధార్మిక పదార్థం) అంటిన కోసిన పైపులు, గుడ్డలు, ప్లాస్టిక్ కలిపి నింపిన వ్యర్థాల పెట్టె. 1.2 × 1.2 × 1.8 మీటర్లు, గోడ 3 మి.మీ., లోపలి సరుకు 780 కిలోలు. లాంథనం బ్రోమైడ్ స్ఫటికంతో గామాలను పట్టే పోర్టబుల్ డిటెక్టర్‌ని 30 సెం.మీ. దూరంలో పెడితే, 662 కేఈవీ (గామా శక్తి కొలమానం) దగ్గర సీజియం చూపే శిఖరంలో ఒక వైపు కౌంట్లు ఎదుటి వైపుకు నాలుగింతలు వస్తున్నాయి. సగటు తీసి బెకెరెల్స్‌లోకి (సెకనుకు ఎన్ని పరమాణువులు విఘటనం చెందుతున్నాయో చెప్పే లెక్కలోకి) మార్చేయొచ్చా?

జవాబు 1:
మామూలు సగటు వద్దండి. ఎదురెదురు రీడింగులు రెండూ గుణించి వర్గమూలం తీయండి. మూలం (గామాలు వెలువడే చోటు) ఒక గోడకు ఎంత దగ్గరైతే రెండో గోడకు అంత దూరం కాబట్టి, సరుకు ఒకే తీరుగా ఉన్నంతవరకు శోషణ తేడా ఆ గుణకారంలో కొట్టుకుపోతుంది. దూరం వల్ల వచ్చే తేడా మాత్రం మిగులుతుంది. 30 సెం.మీ.లో కొలిస్తే, గోడకు ఆనుకున్న మూలం పెట్టె మధ్యలో ఉన్నదానికన్నా 80 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. గోడకు మీటరు దూరంలో పెడితే అది 16 శాతమే. కౌంట్లు తగ్గుతాయి, ఎక్కువసేపు లెక్కించక తప్పదు. స్టీలు గోడ మింగేసే 16 శాతం గామాలను కూడా లెక్కలో కలపండి.

జవాబు 2:
అసలు చిక్కు సాంద్రతలో ఉంది. 780 కిలోలను పూర్తి ఘనపరిమాణంతో భాగిస్తే ఘన సెం.మీ.కు 0.3 గ్రాములు వస్తుంది. పెట్టె మూడింట రెండొంతులే నిండి ఉంటే అది 0.45. పెట్టె మధ్య నుంచి 60 సెం.మీ. సరుకు దాటి బయటికొచ్చే గామాలు మొదటి లెక్కలో 25 శాతం, రెండో లెక్కలో 12 శాతం. అంటే ఫలితం సగానికి సగం తప్పు. తూకం ఒక్కటే చాలదు, సరుకు ఎంత ఎత్తుందో చూడండి. పైపులన్నీ ఒక మూలకు చేరి ఉంటే పైన చెప్పిన వర్గమూలం కూడా మోసం చేస్తుంది. అప్పుడు పెట్టెను తిప్పి నాలుగు వైపులా, రెండు ఎత్తుల్లో తీయాల్సిందే.

జవాబు 3:
పక్కనున్న వేరే పెట్టెల నుంచి వచ్చే గామాల సంగతి ఎవరూ ఎత్తలేదు. డిటెక్టర్ చుట్టూ 5 సెం.మీ. సీసం కట్టి ఒకసారి, ముందు వైపు కూడా అంతే మందం సీసం బిళ్ళతో మూసి ఇంకోసారి కొలవండి. మూసినప్పుడు వచ్చినదంతా పక్కల నుంచి వచ్చిందే, దాన్నే తీసేయండి. ఖాళీ స్థలంలో తీసిన బ్యాక్‌గ్రౌండ్ (పరిసరాల నుంచి వచ్చే కౌంట్లు) వాడొద్దు, నిండు పెట్టె దానిలో కొంత అడ్డుకుంటుంది.

లాంథనం బ్రోమైడ్‌కి సొంత 1436 కేఈవీ గీత ఉంది, పరిసరాల్లో సహజంగా ఉండే పొటాషియం-40 గీత 1461తో కలిసిపోతుంది. అందుకని ఎనర్జీ సరిచూడ్డానికి సీజియం చెక్ సోర్స్ (పరీక్షకు వాడే చిన్న మూలం) వాడండి. కోబాల్ట్-60 కూడా ఉంటే దాని కాంప్టన్ చెదురు (ఎలక్ట్రాన్లను తాకి శక్తి కొంత పోగొట్టుకున్న గామాల కౌంట్లు) 662 శిఖరం కింది అడుగు మట్టాన్ని పెంచేస్తుంది. శిఖరం కనబడకపోతే సున్నా అని రాయకండి. మూలమంతా పెట్టె మధ్యలోనే ఉందనుకుని కనిష్ఠ గుర్తింపు పరిమితి (ఈ కొలతలో పట్టుబడగల అతి తక్కువ మోతాదు) లెక్కకట్టి ఇవ్వండి.