సూటా, స్వీటా? రిసెప్షన్‌లో వాడే ఇంగ్లీషు మాటల గురించి సాయం కావాలి

ప్రశ్న – తిరుపతి, హోటల్ ట్రైనీ

అందరికీ నమస్కారం. తిరుపతి బస్టాండు దగ్గర ఒక హోటల్లో రిసెప్షన్ ట్రైనింగ్‌లో ఉన్నాను. చదివింది తెలుగు మీడియం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, నోరు తెరవాలంటేనే టెన్షన్. మా దగ్గర కొన్ని పెద్ద రూములకు ఎస్-యు-ఐ-టి-ఇ అని బోర్డు ఉంది. మేనేజర్ గారు దాన్ని ‘స్వీట్’ అంటారు. ఎన్నో ఏళ్లుగా కౌంటర్లో ఉన్న పెద్దాయన ‘సూట్’ అంటారు. ఇద్దరూ తగ్గరు. ఇంకా ఉన్నాయి. రిసీట్‌లో పి పలకాలా? బఫేలో టి ఏమైంది? ‘బుక్‌డ్’ అనాలా, ‘బుక్ట్’ అనాలా? ఏదైనా రూలు ఉంటే చెప్పండి. లేదంటే ఒక్కో మాటా బట్టీ కొట్టాల్సిందేనా?

జవాబు – చిత్తూరు, ఇంగ్లీషు టీచర్

మీ మేనేజర్ గారిదే కరెక్ట్ బాబూ. రూమైతే ‘స్వీట్’, తొడుక్కునే బట్టలైతే ‘సూట్’. రెండూ ఫ్రెంచి నుంచి వచ్చినవే, మూలం కూడా ఒకటే. సూట్ ముందొచ్చి ఇంగ్లీషువాళ్ల నోట్లో నలిగి మారిపోయింది. రూముకు వాడేది తర్వాత వచ్చింది, దాన్ని ఫ్రెంచివాళ్లు పలికినట్టే ఉంచుకున్నారు. బఫే కథా ఇదే, ఫ్రెంచిలో ఆ చివరి టి పలకరు. మరి టికెట్ కూడా ఫ్రెంచి నుంచి వచ్చిందే కదా అంటావేమో. అది చాలా ముందే వచ్చి ఇంగ్లీషులో కలిసిపోయింది కాబట్టి టి మిగిలింది. తిరుపతిలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ మాట వినపడని రోజుండదు. ఆ క్యూని స్పెల్లింగుతో రాయమంటే ఐదక్షరాలు, పలికేది మొదటిదాని పేరు ఒక్కటే!

రిసీట్‌లో పి మాత్రం వేరే బాపతు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో పి లేదు. లాటిన్ మూలంలో ఉంది కదా అని పండితులు తర్వాత రాతలో చేర్చారు, జనం పలకలేదు. అప్పు అని అర్థం వచ్చే ‘డెట్’లో బి కూడా అలా దూరిందే. ‘ఐలాండ్’లో ఎస్ ఇంకా అన్యాయం. అది అచ్చ ఇంగ్లీషు మాట. లాటిన్ నుంచి వచ్చిందని పొరబడి దానికీ ఒక ఎస్ తగిలించారు. ఇలాంటివాటికి లాజిక్ వెతికి లాభం లేదు.

నైఫ్‌లో కె అలా కాదు, దాన్ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్‌లో ప్రింటింగ్ ప్రెస్ పెట్టాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగులు మెల్లగా బిగుసుకున్నాయి. పలుకు మాత్రం ఆగలేదు. సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీషులో దీర్ఘాచ్చులన్నీ పలికే తీరు మారిపోయింది. అంటే ఇప్పుడు మనం రాసేది చాలావరకు ఆనాటి నోటి మాట. తెలుగులో రాసిందే చదువుతాం కాబట్టి అక్షరాన్ని నమ్మడం మనకు అలవాటు. ఇంగ్లీషులో చెవిని నమ్ముకో.

చెవిని నమ్మితే రూల్సు కూడా దొరుకుతాయి. ‘బుక్ట్’ కరెక్ట్. ఇ-డి ముందు వినిపించే శబ్దం క, ప, స, ష, చ, ఫ లాంటిదైతే చివర ‘ట్’: బుక్ట్, చెక్ట్, స్టాప్ట్. ట, డ అయితే ‘ఇడ్’: వెకేటిడ్, నీడిడ్. మిగతా అన్నిటికీ ‘డ్’: క్లీన్డ్, రిజర్వ్‌డ్, క్యాన్సిల్డ్. గతకాలం చెప్పే క్రియలకు ఇది దాదాపు ఎక్కడా తప్పదు.

‘ఎ’, ‘ఆన్’ కూడా అంతే, అక్షరం కాదు శబ్దం చూడాలి. ఎ హోటల్, కానీ ఆన్ అవర్. ఎ యూనివర్సిటీ, కానీ ఆన్ ఎస్వీ యూనివర్సిటీ స్టూడెంట్. పదో తరగతి పేపర్లు దిద్దుతున్నప్పుడు ఈ ఒక్క చోట పోయే మార్కులు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

జవాబు – తిరుపతి, లాడ్జి రిసెప్షన్

మేడమ్ చెప్పింది బాగుంది. కానీ తమ్ముడూ, కౌంటర్లో గొడవ వచ్చేది రిసీట్‌లో పి వల్ల కాదు, నంబర్ల వల్ల. థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మనం అన్నీ ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లీషువాళ్లు థర్టీన్‌లో ‘టీన్’ మీద, థర్టీలో ‘థర్’ మీద బరువు వేస్తారు. పోనీ అదైనా నమ్ముదామా అంటే, థర్టీన్ పక్కన ‘రూమ్స్’ అని ఇంకో మాట చేరగానే ఆ బరువు ముందుకు జరిగిపోతుంది. అందుకే ఫోన్లో ఎన్ని రూములు అనేది ‘వన్ త్రీ’ అని విడివిడిగా చెప్పి ఓకే అనిపించుకో.

తేదీలు ఇంకా డేంజర్. అమెరికాలో ముందు నెల, తర్వాత తేదీ రాస్తారు. 5/4 అంటే మనకు ఏప్రిల్ 5, వాళ్లకు మే 4. బుకింగులో నెలను ఎప్పుడూ అక్షరాల్లోనే రాయి. ఫ్లోర్ కూడా చూసుకో, మన గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు ఫస్ట్ ఫ్లోర్.

ఇక సూటూ స్వీటూ. నువ్వు ‘స్వీట్’ అను. గెస్ట్ ‘సూట్ రూమ్ ఉందా’ అంటే దిద్దడానికి పోకుండా తాళం చెవి ఇవ్వు. మీ పెద్దాయన జోలికి అసలు పోవద్దు, రేపు డ్యూటీ చార్టు వేసేది ఆయనే అయివుంటాడు.

అడిగినవారు

చాలా థాంక్స్ మేడమ్, థాంక్స్ అన్నా. ఇ-డి రూలు రాసిపెట్టుకున్నాను. ఇంకొక్కటి. బాత్రూంలో ఉండేది ‘గీజరా’, ‘గైజరా’? ఒక ఎన్నారై గెస్ట్ ‘గైజర్’ అన్నారు.

జవాబు – చిత్తూరు, ఇంగ్లీషు టీచర్

బ్రిటన్‌లో, మన దగ్గర ‘గీజర్’. అమెరికాలో ‘గైజర్’, కానీ వాళ్లకు దాని అర్థం నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి ఊట. ఐస్‌లాండ్‌లోని అలాంటి ఒక ఊట పేరే ఇంగ్లీషులోకి వచ్చింది. అమెరికావాళ్లు వచ్చినప్పుడు ‘వాటర్ హీటర్’ అని చెప్పి స్విచ్ చూపించు, సరిపోతుంది.