వాకింగ్ డెడ్: ట్యాంకులో సైనికుడి ఎపిసోడ్‌ని అటకెక్కించడం తప్పా, ఒప్పా?

పగటిచుక్క:
చచ్చినవాళ్లు లేచి మనుషుల్ని కరిచే లోకం గురించిన టీవీ సీరియల్ ది వాకింగ్ డెడ్. దాని తొలి ఎపిసోడ్ (2010 అక్టోబరు 31) చివర్లో హీరో రిక్ అట్లాంటా నడివీధిలో ఒక ట్యాంకులోకి దూరతాడు. లోపల సైనికుడి శవం కూలబడి ఉంటుంది. దాని దగ్గరున్న బెరెట్టా పిస్తోలు తీసుకోగానే శవం కళ్లు తెరుస్తుంది, రిక్ కాల్చేస్తాడు, ఆ ఇరుకులో మోతకి చెవులు గింగురుమంటాయి. ఆ వేషం వేసింది సామ్ విట్వర్.

రెండో సీజన్ మొదలవ్వాల్సింది ఈ సైనికుడి కథతోనేనని సీరియల్‌ని మొదలుపెట్టి నడిపించిన ఫ్రాంక్ డారబాంట్ తర్వాత చెప్పాడు. ఆర్మీ రేంజర్ల దళం హెలికాప్టర్‌లో అట్లాంటాలో దిగుతుంది. కొన్ని వీధుల అవతల ఒక మామూలు కూడలికి చేరి కాపలా కాయాలి, అంతే పని. నిమిషాల్లో తేలాల్సింది కాస్తా ప్రాణాల మీదికొస్తుంది. ఒక్కొక్కరే రాలిపోతారు. కాటు తగిలిన మనవాడు ట్యాంకులో చచ్చిపోతాడు, ఆఖరి షాట్‌లో రిక్ లోపలికి పాకుతూ వస్తాడు. 2011 జులైలో డారబాంట్‌ని తప్పించారు, ఇది అటకెక్కింది. అక్టోబరు 16న సీజన్ హైవే మీద మొదలైంది. ఆ ఎపిసోడ్ రచయితల్లో డారబాంట్ పేరు బదులు ఆర్డెత్ బే అనే మారుపేరు కనపడుతుంది.

నా ఉద్దేశంలో అటకెక్కించడం తప్పు. అట్లాంటా ఎలా పడిపోయిందో ఈ సీరియల్ లోపలినుంచి చూపించనేలేదు. రెండో సీజన్ ఐదో ఎపిసోడ్ మొదట్లో రోడ్డు మీద నిలబడి సైన్యం నగరం మీద వేసిన నేపామ్ బాంబుల మంటలు దూరం నుంచి చూడటంతో సరిపెట్టారు. నేనైతే ఇలా నడుపుతా:

దళంలో తొమ్మిదిమంది, ఒక బ్లాక్ హాక్‌లో పడతారు. ఇద్దరి దగ్గర మెషిన్ గన్లు. మిగిలిన ఏడుగురికి మనిషికి ఏడు మ్యాగజైన్లు, అంటే 210 తూటాలు, మొత్తం 1,470. వినడానికి బోలెడు. కానీ వీళ్ల చేతులకి అలవాటైంది ఛాతీకి గురిపెట్టడం. ఈ శవాలు ఆగాలంటే తలకే కొట్టాలి, ఆ మాట పైనుంచి ఎవరూ చెప్పలేదు. మొదటి రెండు వీధుల్లోనే సగం మందుగుండు ఛాతీల్లోకి పోతుంది. ఆ మోతకి పక్క వీధులన్నీ ఇటు కదులుతాయి. ఎంత కాలిస్తే అంతమంది వస్తారు. కూడలి దగ్గరికి వచ్చేసరికి అక్కడ కాపాడటానికి ఏమీ మిగిలుండదు.

తుప్పుబోల్టు:
తూటాల లెక్క బాగుంది. ఇప్పుడు ట్యాంకు సంగతి చెప్పు.

ఒకటి, రిక్ దూరింది ట్యాంకు పొట్ట కిందినుంచి. అక్కడ చూపించింది అమెరికా సైన్యం వాడే ఏబ్రమ్స్ ట్యాంకు. ఏబ్రమ్స్‌కి పొట్ట కింద తలుపే లేదు. రెండు, రేంజర్లు కాలినడక దళం, వాళ్లకి ట్యాంకులుండవు. జార్జియాలో రేంజర్లున్నమాట నిజమే, ఫోర్ట్ బెన్నింగ్‌లో ఒక బెటాలియన్, సవానా దగ్గర ఇంకొకటి. ఏబ్రమ్స్ మాత్రం ఫోర్ట్ స్టూవర్ట్‌లో ఉండే 3వ ఇన్‌ఫంట్రీ డివిజన్‌వి. కాబట్టి అది మీవాడి ట్యాంకు కాదు. దాని సిబ్బంది నలుగురు: కమాండరు, గన్నరు, లోడరు, డ్రైవరు. ఆ నలుగురూ ఏమయ్యారు?

మూడోది అసలైనది. బ్యాటరీ. ఏబ్రమ్స్ టర్బైన్ ఇంజిన్ ఖాళీగా నిలబడ్డా గంటకు 40 లీటర్ల దాకా ఇంధనం తాగుతుంది, నిండా పోసినా 1,900 లీటర్లే. రెండు రోజుల్లో ఇంజిన్ చచ్చింది అనుకో. ఇక రేడియోకి బ్యాటరీలే దిక్కు. మొదటి సీజన్ ఆఖర్లో సీడీసీలో (అట్లాంటాలోని రోగ నియంత్రణ కేంద్రం) ఉండే శాస్త్రవేత్త జెన్నర్ లెక్క ప్రకారం రోగం ప్రపంచమంతా పాకి 63 రోజులు. రిక్ ట్యాంకెక్కింది దానికి కొద్ది రోజుల ముందు. అంటే వారాల తరబడి ఆ రేడియో ఆన్‌లో ఉండి, బయటినుంచి గ్లెన్ అనే కుర్రాడు రిక్‌ని పిలవగానే పలికింది! అదీ చేతిలో పట్టుకునే వాకీటాకీతో. సైన్యం రేడియో 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ మధ్య ఎఫ్ఎం, పైగా క్షణక్షణం ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ పోతుంది. మామూలు వాకీటాకీ దానికి తగిలే దారేది?

తొలి ఎపిసోడ్‌లో ఇవేవీ అడ్డురాలేదు, ఎందుకంటే ట్యాంకు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. నువ్వు 43 నిమిషాలు దాని గురించే చెబుతానంటున్నావు.

కాల్షీట్:
తీసే కోణంలో నాలుగు మాటలు. ఈ సీరియల్‌కి ఎపిసోడ్‌కి 8 రోజుల షూటింగ్. రెండో సీజన్ 13 ఎపిసోడ్లకి పెరిగింది, మొదటిది 6. రెండో సీజన్ కథని చాలావరకు ఒక పొలంలో కూర్చోబెట్టింది ఊరికే కాదు. ఒకే చోట సెట్ ఉంటే లైట్లు, బళ్లు కదలక్కర్లేదు. నగరం మధ్యలో నాలుగు వీధులు మూయించి, పైన హెలికాప్టర్ తిప్పి, తొమ్మిదిమంది ఖాళీ తూటాలు పేలుస్తూ పరిగెత్తాలంటే 8 రోజుల్లో అవ్వదు.

తుపాకీ మంట ఇంకో తంటా. సూపర్ 16 ఎంఎం ఫిల్ముతో తీశారు. మామూలు షట్టర్‌కి ఫ్రేముకి సగం కాలం కెమెరా కన్ను మూసే ఉంటుంది. తుపాకీ నోటి దగ్గర మంట అంతకన్నా చాలా తక్కువసేపే. అంటే పేల్చినవాటిలో దాదాపు సగం మంటలు ఫిల్ము మీద పడవు. తర్వాత కంప్యూటర్‌లో అతికించాలి. తొమ్మిది తుపాకులకి లెక్కేసుకోండి.

ఒక లాభం కూడా ఉంది. 400 అడుగుల రీలు 16 ఎంఎంలో 11 నిమిషాలు వస్తుంది. చేత్తో పట్టుకున్న కెమెరాతో కట్ లేకుండా వీధంతా నడపొచ్చు, ఆ గరుకు బొమ్మ యుద్ధ వార్తల్లా ఉంటుంది. అందుకే ఈ ఆలోచన ఇదే సీరియల్‌కి పుట్టింది.

సైలెంట్‌రీడర్:
డారబాంట్‌కీ ఛానెల్‌కీ మధ్య గొడవ కోర్టుకెక్కి 2021లో 20 కోట్ల డాలర్లకి రాజీ అయింది. ఆ డబ్బుతో అట్లాంటానే కొనేవాళ్లు.

పగటిచుక్క:
కాల్షీట్ గారూ, ఆ లెక్కలో ఒకటి మర్చిపోయారు. ఊరు పడిపోతున్న రోజు శవాలన్నీ తాజావి. కుళ్లు లేదు, పళ్లు బయటికి రాలేదు. ముందు వరసలో ఉండేవాళ్లకి తప్ప గంటల తరబడి మేకప్ అక్కర్లేదు. వెనక జూనియర్ ఆర్టిస్టులకి మొహాన పాలిపోయిన రంగు, బట్టల మీద రక్తం చాలు.

@తుప్పుబోల్టు బ్యాటరీ సంగతికి ఒక్క లైను: సిబ్బంది వదిలేసి పోయేముందు మెయిన్ స్విచ్ ఆపారు, లోపల తడుముకుంటూ రిక్ దాన్ని నొక్కాడు. అయిపోయింది.

తుప్పుబోల్టు:
రిక్ ఏ స్విచ్చూ నొక్కినట్టు చూపించలేదు. తెర మీద లేనిదాన్ని నువ్వు పెడితే అది నీ ఎపిసోడ్ అవుతుంది, డారబాంట్‌ది కాదు. ఫ్రీక్వెన్సీ మాటకి ఇంకా జవాబు రాలేదు.

కాల్షీట్:
తాజా శవాల మాట నిజం, కానీ అది రెండువైపులా కోస్తుంది. పారిపోతున్న జనానికీ లేచిన శవాలకీ తేడా తెలియకపోతే సైనికుడే కాదు, చూసేవాడూ తికమకపడతాడు. ఒక్కసారి అయితే భయం వేస్తుంది. నాలుగోసారికి చిరాకు. నడకతోనే తేడా చూపించాలి, దానికి జూనియర్ ఆర్టిస్టులకి ముందే శిక్షణ ఇవ్వాలి. మేకప్‌లో మిగిల్చింది అక్కడ ఖర్చవుతుంది.

పగటిచుక్క:
@తుప్పుబోల్టు ప్రతి థ్రెడ్‌లో ఇదే వరస. పోయిన నెల సీడీసీ తలుపు గురించి మాట్లాడుకుంటుంటే వచ్చి జనరేటర్ డీజిల్ మీద ముప్పై పోస్టులు పెట్టారు. చివరికి తలుపు సంగతి ఎవరికీ గుర్తులేదు. కథ గురించి మీకు చెప్పడానికి ఏమైనా ఉందా?

తుప్పుబోల్టు:
ఓహో, ‘నువ్వు’ పోయి ‘మీరు’ వచ్చిందా. ఆ థ్రెడ్‌లో నేను అడిగిన ప్రశ్నకి కూడా మీరు జవాబు చెప్పలేదు, ‘సర్దుకుపోండి’ అన్నారు. కథ గురించే అడుగుతున్నా. ట్యాంకులో గ్రెనేడ్ ఉంది, రెండో ఎపిసోడ్‌లో రిక్ తీసుకున్నాడు. కాటు తగిలి జ్వరంతో కాలిపోతున్నవాడు, చచ్చాక ఏమవుతానో కళ్లారా చూసినవాడు, పక్కన గ్రెనేడ్, నడుముకి పిస్తోలు పెట్టుకుని ఎందుకు ఊరుకున్నాడు? దీనికి జవాబు లేకపోతే మీ హీరో వెర్రివాడు.

పగటిచుక్క:
ఇదిగో, ఇది అడగాల్సిన ప్రశ్న. ఎం67 గ్రెనేడ్ పేలాలంటే ముందు బొటనవేలితో సేఫ్టీ క్లిప్ తప్పించాలి. తర్వాత ఒక చేత్తో లివర్ నొక్కిపెట్టి, రెండో చేతి వేలు రింగులో దూర్చి, మెలితిప్పి లాగాలి. పిన్ను కాళ్లు వంచి ఉంటాయి, పళ్లతో లాగితే పళ్లూడతాయి. నా కథలో కాటు కుడి ముంజేతి మీద. వేళ్లు మూసుకోవు. క్లిప్ తీయగలిగాడు, పిన్ను లాగలేకపోయాడు. దాన్ని పక్కన పెట్టాడు, మళ్లీ ప్రయత్నిద్దామని. పిస్తోలు కుడివైపు ఒరలో, ఒంటి బరువు కింద ఇరుక్కుంది. జ్వరం ముందొచ్చింది.

ఆ గ్రెనేడే మొదటి సీజన్ ఆఖర్లో సీడీసీ కిటికీ అద్దం పగలగొట్టి అందర్నీ బయటపడేసింది. వీడు వాడుకోలేకపోయింది వాళ్లని బతికించింది. రిక్‌కి అది తెలియదు, మనకి తెలుస్తుంది. దీనికి మించి ఏం కావాలి?

తుప్పుబోల్టు:
పిన్ను సంగతి కుదిరింది. తీసేయొద్దు. (ఎం67తో ఆ అద్దం పగలదు, అది వేరే విషయం.)

అమావాస్య:
మొదటినుంచీ చదువుతున్నా. మీ ఇద్దరూ బోల్టుల మీద కొట్టుకుంటున్నారు గానీ, గొడవ ఆఖరి షాట్ దగ్గరుంది.

తొలి ఎపిసోడ్‌లో మనం రిక్ కళ్లతో చూస్తాం. వాడికెంత తెలుసో మనకీ అంతే. శవం కళ్లు తెరవగానే గుండె ఆగేది అందుకే. మీ ఎపిసోడ్ అయ్యాక ఆ సీను మళ్లీ చూడండి. భయం ఉండదు. ‘అయ్యో, వాడే కదా’ అనుకుంటాం. కొత్తగా ఇచ్చినదానికంటే పాతదాన్నుంచి లాక్కున్నదే ఎక్కువ.

ఇది ఒకసారి చేసి చూశారు కూడా. రిక్ పార్కులో కాల్చిన సగం మనిషి శవం ఉంది కదా, సైకిల్ దగ్గర. ఆమె కథని 2011 అక్టోబరులో సీరియల్ మేకప్ నిపుణుడు గ్రెగ్ నికోటెరో ఆరు చిన్న భాగాలుగా టోర్న్ అపార్ట్ పేరుతో నెట్‌లో పెట్టాడు. పిల్లల కోసం తెగించిన తల్లి అని తేల్చారు. తొలి ఎపిసోడ్‌లో రిక్ వెనక్కి వచ్చి, ఆ ముఖం చూసి, నీకిలా అయినందుకు బాధగా ఉందని చెప్పి కాలుస్తాడు. ఆమె ఎవరో వాడికి తెలియదు, కాబట్టి ఆ మాట ఎవరికైనా చెల్లుతుంది. పేరు, పిల్లలు, మొగుడు అన్నీ పెట్టాక అది ఒక్కామె కథ అయి కూర్చుంది.

పగటిచుక్క:
అంటే శవాలకి గతం ఉండకూడదు అంటారు? రిక్‌ని చేరదీసిన మోర్గన్ పై అంతస్తు కిటికీలోంచి తుపాకీ గురిపెట్టి, శవమై తిరుగుతున్న పెళ్లాన్ని కాల్చలేక ఏడ్చింది ఆ ఎపిసోడ్‌లోనే. ఈ సీరియల్ మొదలైందే గతంతో.

అమావాస్య:
గతం ఉంది, మోర్గన్‌కి. ఆమె ఎవరో మనకి తెలిసేది వాడి ఏడుపులోంచి. ఆమె కథ విడిగా 43 నిమిషాలు చూపించి, తర్వాత మోర్గన్ దగ్గరికి రాలేదు. బతికున్నవాడి మీద బరువు పడినప్పుడే అది కథ. మీ ఆఖరి షాట్‌లో బరువు ఎవరి మీద పడింది? రిక్ దులుపుకుని పోతాడు, ఎప్పటికీ తెలియదు. ప్రేక్షకుడికి తప్ప ఎవరికీ ఏమీ అవ్వదు.

పగటిచుక్క:
ప్రేక్షకుడికి అవ్వాలనే కదా! రిక్ పేలుస్తుంటే మొదటి సీజన్ అంతా చప్పట్లు కొట్టాం. అవతలి వైపు నుంచి చూస్తే అదే తూటా ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించమంటున్నా. మీకు అది వద్దు. రిక్ మంచివాడుగానే ఉండాలి మీకు.

అమావాస్య:
మాటలు నా నోట్లో పెట్టకండి. రిక్ తప్పు చేయలేదు, చచ్చినవాడిని కాల్చాడు. మీ ఎపిసోడే ఆ గీత చెరిపేస్తోంది. వాడు లోపల ఇంకా ఉన్నట్టు, రిక్ వచ్చి చంపినట్టు. జెన్నర్ మెదడు బొమ్మ చూపించి మరీ చెప్పాడు, లేచేది మెదడు కాండం ఒక్కటే, మనిషి తిరిగి రాడని. మీరు దాన్ని ఒప్పుకోరు, అదీ సంగతి. ట్యాంకు, దళం అన్నీ దాని చుట్టూ కట్టినవే.

పగటిచుక్క:
జెన్నర్‌ని ఒప్పుకోను. అవును. భార్య శవాన్ని కాల్చుకున్న మనిషి, తనకలా చెప్పుకోకపోతే నిలబడలేడు.

కాల్షీట్:
ఇదీ ఇప్పటికి బయటపడ్డ అసలు గొడవ. ఒక మధ్యేమార్గం చెప్తా, తిట్టుకోవద్దు. ఎపిసోడ్ తీయండి, రిక్ పాకే షాట్ తీసేయండి. పిన్ను లాగలేక గ్రెనేడ్ పక్కన పెట్టిన దగ్గర కట్. వాడు చావడం కూడా చూపించొద్దు. పోల్చుకునేవాళ్లు ఆ గ్రెనేడ్‌తో పోల్చుకుంటారు. ట్యాంకు లోపలి సెట్ ఒకటే, ఒక్కరోజు పని. 2015లో ఫియర్ ది వాకింగ్ డెడ్ వచ్చినప్పుడు లాస్ ఏంజిలిస్ పతనం చూపిస్తారనుకుంటే మూడు, నాలుగు ఎపిసోడ్ల మధ్య 9 రోజులు గెంతేశారు. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.

అమావాస్య:
అలా కట్ చేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ సీజన్ మొదట్లో కాదు, మధ్యలో ఎక్కడైనా. రెండో సీజన్‌లో సోఫియా అనే చిన్నపిల్ల తప్పిపోయిన కథ మధ్యలో పడితే ఊపిరాడుతుంది.

పగటిచుక్క:
రిక్ రాకపోతే అది ఇంకేదో సైనికుల కథ. ఆ షాట్ లేకుండా నాకొద్దు.

తుప్పుబోల్టు:
రిక్ రాకపోతే పొట్ట కింద తలుపు సమస్య కూడా తీరుతుంది. నా ఓటు కాల్షీట్‌కి. రేడియో ఇంకా మిగిలే ఉంది.